జైతూన్ రాని వాకిలి

“కాగితాలు ఇట్లియ్యి ఆసియా.”

“ఇయ్యను.”

“చించడంలే, కాల్చడంలే. రాసుకోవల్ల, ఇయ్యి.”

“రాసుకునేదానికి కాదు భాబీ, కొట్టేసేదానికి అడుగుతాండావు. నాకు తెల్దా?”

ఆసియా బ్యాగును ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులూ దాని మీద వేసుకుంది. పొద్దున్నే పులివెందులలో బస్సెక్కి, ప్రొద్దుటూరులో దిగీ దిగగానే ఆటో పట్టుకుని పుట్టింటికి వచ్చింది. బురఖా కూడా విప్పలేదు. వదిన ముస్కాన్ బల్ల మీదున్న నవల కాగితాలన్నీ దోసిళ్ళతో ఎత్తి బ్యాగులో కుక్కింది. మంచినీళ్ళు తాగింది ఆ తర్వాతే.

లోపలి గదిలో తల్లి అఖ్తర్ బీ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ‘అత్తమ్మా, జైతూన్‌ను నవల్లోంచి తీసేస్తాండా’ అని ముస్కాన్ నిన్న చెప్పినప్పటి నుంచీ ఆమె ముద్ద ముట్టలేదు. తిట్టనూ లేదు. తిట్టి ఉంటే ముస్కాన్‌కు కొంచెం సులువుగా ఉండేది. పొద్దున చేసిన ఉగ్గాని పళ్ళెంలోనే చల్లారిపోయింది.

బయట అరుగు మీద అజ్మతుల్లా ఫోను చూస్తున్నట్టు కూర్చున్నాడు. బంగారు నగల్లో రాళ్ళు పొదిగే పని అతనిది. ఈ రోజు పనికి పోలేదు. చెల్లెలు వచ్చింది, అమ్మ పస్తుంది, భార్య మాట వినదు. ఈ ముగ్గురి మధ్యలోకి పోవడం కన్నా అరుగే మేలనుకున్నాడు.

“మా మిషన్ల తావ ఆడోళ్ళకు ఏం చెప్పల్ల నేను?” ఆసియా గొంతు పెంచింది. “జైతూన్ యాడికి పోయినాదంటే, మా భాబీ తుడిచేసింది అని చెప్పల్లనా?”

పులివెందులలో ఆసియా ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు జాకెట్లు కుడతారు. ముస్కాన్ ఒక్కో అధ్యాయం రాసి, అత్తకు చదివి వినిపిస్తూ, ఆ చదివిందాన్నే ఫోనులో రికార్డు చేసి ఆడపడుచుకు పంపేది. అక్కడ మిషన్లు ఆపి మరీ వినేవాళ్ళు. వాళ్ళకు కథానాయిక మాబున్ని పేరు ఒక్కోసారి గుర్తుండేది కాదు. జైతూన్ పేరు మాత్రం నోట్లోనే ఉండేది.

గాజులమ్మే జైతూన్. తల మీద బుట్ట, నోట్లో వక్కాకు, చంకలో గొడుగు. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఆమె తిరగని పల్లె లేదు. ఏ ఇంట్లో ఆడపిల్ల కష్టంలో ఉంటే ఆ ఇంటి ముందర సరిగ్గా ఆ వేళకే ‘గాజులమ్మో’ అని కేక వినబడుతుంది. తాగొచ్చిన మొగుడి చెయ్యి పట్టుకుంటుంది. అలిగిన అత్తను నవ్విస్తుంది. పోతూ పోతూ ‘నేనుండాగా’ అంటుంది.

ముస్కాన్‌కు ఆమె మీద ప్రేమ లేక కాదు. జైతూన్ బుట్ట దించిందంటే చాలు, కలం దానంతటదే పరిగెత్తేది. ఎన్నో రోజులు రాస్తూ రాస్తూ ఒక్కతే నవ్వుకుంది. అటువంటిదాన్ని తన చేత్తోనే తీసెయ్యాలని తెలిసిన రోజు వంటింట్లో ఉల్లిగడ్డలు ముందరేసుకుని, కోయకుండానే ఏడ్చింది.

“ఆ టీచరమ్మ ఎక్కించినాది నీకు,” అంది ఆసియా. “ఆ హెప్సిబా టీచరు.”

పులివెందుల హైస్కూల్లో ముస్కాన్‌కు తెలుగు చెప్పిన టీచరు ఆమె. నవల రాయమని ప్రోత్సహించిందీ ఆమే. వారపత్రిక వాళ్ళు ‘మొత్తం పూర్తి చేసి పంపండి, చూస్తాం’ అన్నాక, ముస్కాన్ కాగితాలన్నీ మొదట ఆమెకే చూపించింది.

“టీచరు తీసెయ్యమని చెప్పలే. ‘జైతూన్ వచ్చినప్పుడల్లా మీ మాబున్ని నోరు మూసుకుంటాందమ్మా’ అన్నది. అంతే. ఇంటికొచ్చి చూసుకున్నా. నిజమే ఆసియా. మొగుడు కొట్టినా మాబున్ని మాట్లాడదు, అత్త గెంటినా మాట్లాడదు. ఎందుకు మాట్లాడల్ల? జైతూన్ వస్తాది గదా!”

“వస్తే నీకేం నష్టం? ఒక కథలోనన్నా ఆడదానికి ఆదుకునేది ఉండకూడదా?”

ఈ ప్రశ్న ముస్కాన్ తనకు తానే చాలాసార్లు వేసుకుంది.

“ఉండల్ల,” అంది చివరికి. “కానీ నేను అబద్ధం రాస్తాండానని నాకే తెలుస్తాంది. తెలిసినాక ఎట్ల రాయల్ల?”

“కథంటేనే అబద్ధం గదా మే!”

ఆ ఇంట్లో మామూలుగా సగం ఉర్దూ, సగం తెలుగు. కోపమొస్తే మాత్రం అందరూ తెలుగులోకి వచ్చేస్తారు. ఇప్పుడు ఉర్దూ ముక్క ఒక్కటీ వినబడటం లేదు.

“అమ్మా, నువ్వన్నా చెప్పు,” ఆసియా లోపలికి చూసి అరిచింది. “జైతూన్ నీదని చెప్పు. నువ్వు చెప్పింటేనే గదా భాబీకి తెలిసింది.”

అది నిజం. జైతూన్ ముస్కాన్ పుట్టించిన మనిషి కాదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, పుట్టింటి మీద బెంగతో ముస్కాన్ అన్నం తినకపోతే, అత్త పక్కన కూర్చుని చెప్పిన కథ జైతూన్. అజ్మతుల్లా, ఆసియా చిన్నప్పుడు నిద్రపోయిందీ ఆ కథలతోనే.

మంచం కిర్రుమంది. అఖ్తర్ బీ లేచి కూర్చుంది. ముసుగు సవరించుకుని, కోడలిని కాకుండా ఎదురుగా ఉన్న గోడను చూస్తూ మాట్లాడింది.

“నేను కన్న బిడ్డ మాదిరి పెంచుకున్నా దాన్ని. నీకు ఇచ్చినా. రాసుకో అన్నా. చంపుకో అన్లేదు.”

ముస్కాన్ వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

“చంపడంలే అత్తమ్మా.”

“మల్ల?”

“నాకు ఒక తావ దారి దొరకడంలే. మీరే చెప్పల్ల. ఆ బీగం వేసిన ఇల్లుండాది గదా, మీరు చెప్పిన కథే. మొగుడు బయట బీగమేసి పోతాడు. లోపల బిడ్డకు జ్వరం. జైతూన్ వచ్చి రాయెత్తి బీగం పగలగొట్టి, బిడ్డను సంకనేసుకుని జమ్మలమడుగు ఆస్పత్రికి పరిగెత్తుతాది.”

“అవును,” అంది ఆసియా. “మా వాళ్ళు దాన్ని రెండుసార్లు పెట్టించుకుని విన్యారు.”

“జైతూన్‌ను తీసేసి అదే రాసి చూసినా. మాబున్ని కిటికీ ఊచలు వంచి బయటపడినట్టు రాసినా. అబద్ధమనిపించింది. పక్కింటోళ్ళు వచ్చినట్టు రాసినా. అదీ అంతే. మొగుడికి మనసు మారి వెనక్కొచ్చినట్టు రాస్తే నాకే సిగ్గేసింది. అందుకే అడుగుతాండా. జైతూన్ రాకుంటే ఆ తలుపు ఎవరు తీస్తారు అత్తమ్మా?”

బయట వీధిలో ప్లాస్టిక్ బిందెలమ్మే ఆటో మైకు దగ్గరికొచ్చి, దూరమైంది.

“ఎవురూ తీయలే,” అంది అఖ్తర్ బీ.

ఆసియా అందులో ఏమీ గమనించలేదు. “అందుకే గదా భాబీ చెప్తాండేది, జైతూన్ ఉండల్లని...” అని మొదలుపెట్టింది.

ముస్కాన్ చెయ్యెత్తి ఆపింది. అత్త ‘తీయరు’ అనలేదు. ‘తీయలే’ అంది.

“అత్తమ్మా,” అంది మెల్లగా, “అది యా ఊర్లో?”

“యా ఊర్లో ఏంది? మా ఊర్లో. కొండాపురం తావ, ఇప్పుడు గండికోట డ్యాము నీళ్ళలో ఉండాదే ఆ ఊర్లో. మా ఇంట్లో.”

ఆసియా చేతులు బ్యాగు మీద నుంచి జారాయి.

“పుట్టింటికి పోతా అన్నా. శానా చిన్న మాట మీద కొట్లాట. మీ మామ చెనిక్కాయల లోడేసుకుని తాడిపత్రికి పోవల్ల. నేను పోతానని బయట బీగమేసుకుని పోయినాడు. బిడ్డకు అప్పుడే ఒళ్ళు కాలతాండె. అప్పుడప్పుడే అడుగులేస్తాండె బిడ్డ. గోడ పట్టుకుని నడిచేది.” ఆమె చెయ్యి గాలిలోనే గోడ పట్టుకున్నట్టు కదిలింది. “మధ్యాన్నానికి కండ్లు తేలేసింది. కిటికీ తావ నిలబడి అరిచినా. మనుషులు పోతానే ఉన్యారు. మొగుడేసిన బీగం, మనకెందుకులే అనుకుని పోయినారు. మీ మామ వచ్చి తలుపు తీసేతలికి...”

మిగతాది ఎవరూ అడగలేదు.

“అమ్మా,” అంది ఆసియా. “భాయ్ కన్నా ముందర ఇంకొక బిడ్డ ఉన్యాదా?”

“ఉన్యాది. మసరత్ అని పేరు పెట్టుకున్నా.”

“ఒక్కసారన్నా చెప్పలేదే మాకు!”

“ఎట్ల చెప్పల్లమ్మా? మీ నాయన మల్ల ఎప్పుడూ నన్ను ఒక్క మాట అన్లే. ఆయన కూడా కుమిలినాడు. మీరు పుట్టినారు. మీరు కథ చెప్పమని అడిగితే, జైతూన్ వచ్చి తలుపు తీసినట్టు చెప్పినా. ఒకసారి చెప్తే బాగుండె. మల్ల చెప్పినా. చెప్పి చెప్పి, నాకు కూడా ఆమె వచ్చినట్టే ఉండె. ఇప్పుడు నువ్వు తీసేస్తా అంటే...” మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది. “నేను మల్ల ఆ ఇంట్లోకి పోవల్లనా ముస్కాన్?”

ముస్కాన్ ఆమె పాదాల మీద చెయ్యి వేసింది. ఆ క్షణంలో నవల మొత్తం పోయినా సరే, జైతూన్ ఉండనీ అనేద్దామనుకుంది. నోటి దాకా వచ్చింది కూడా.

“అమ్మా, ఏం మాట్లాడతాండావు నువ్వు?”

గుమ్మంలో అజ్మతుల్లా నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచి వచ్చాడో తెలియదు.

“మా అబ్బా అట్లా మనిషా? ఊరంతా కాశీంసాబ్ అంటే చేతులెత్తి మొక్కేది. ఎద్దును కూడా కొట్టేవాడు కాదు. ఆయన నిన్ను ఇంట్లో పెట్టి బీగమేసినాడా?”

“వేసినాడప్పా.”

“కథలు చెప్పి చెప్పి నీకు ఏది కథనో ఏది నిజమో తెలియడంలే.”

ఆ మాటకు అఖ్తర్ బీ తల దించుకుంది. ముస్కాన్ లేచి నిలబడింది.

“అట్లనొద్దు ఆమెను.”

“నువ్వు మాట్లాడొద్దు! అంతా నీవల్లనే వచ్చింది. నీకు నవల కావల్ల. దానికి మా అబ్బా కావల్సొచ్చినాడు. రాస్తావు గదా ఇప్పుడు? ఆయన లేడు, జవాబు చెప్పుకోలేడు. పత్రికలో ఏస్తారు, కొండాపురం కాలనీ అంతా చదువుతారు. రేపు నేను ఆడికి పోయి మొహమెట్ల చూపించల్ల?”

“పేర్లు మారుస్తా గదా.”

“పేరు మారిస్తే మనిషి మారతాడా?”

అతను అన్నదాంట్లో న్యాయముంది. చనిపోయిన మనిషి వచ్చి, ఆ పొద్దు తన మనసులో ఏముందో చెప్పుకోలేడు. కానీ పుట్టి, నడక నేర్చుకుంటూ పోయిన బిడ్డ మాత్రం ఎవరికి చెప్పుకుంటుంది?

అజ్మతుల్లా గోడ మీది మేకుకున్న బండి తాళం తీసుకున్నాడు.

“చిచ్చాను పిల్చుకొస్తా.”

నబీ రసూల్ కాశీంసాబ్‌కు తమ్ముడు. అన్న పోయాక పిల్లలిద్దరినీ పెంచినవాడు, ఆసియా పెళ్ళి దగ్గరుండి చేసినవాడు. ఊరు మునిగాక కొండాపురం దగ్గర పునరావాస కాలనీలో ఉంటున్నాడు. ఈ ఇంట్లో ఏ తగవు వచ్చినా ఆయన మాటే చివరి మాట.

“ఆ పొద్దు ఆయన ఊర్లోనే ఉండింటాడు. ఆయన నోటితోనే వినండి. బీగం సంగతి ముందర చెప్పను. అమ్మ అన్నం తినడంలే, జైతూన్ గలాటా నువ్వొచ్చి తీర్చు అని మాత్రమే చెప్తా. ఈడికొచ్చినాక అందరి ముందర అడుగుతా.”

“ఆయన్ను పిలవొద్దురా!”

అఖ్తర్ బీ కేక వేసింది. ఇంత సేపట్లో ఆమె గొంతు పెరగడం అదే మొదటిసారి. బిడ్డ సంగతి చెప్పేటప్పుడు కూడా అంత గాభరా పడలేదు.

“ఎందుకు? అబద్ధం బయటపడుతుందనా?”

“వద్దప్పా. పెద్దాయన. వద్దు.”

అతను వినలేదు. జమ్మలమడుగు రోడ్డు వైపు బండి శబ్దం దూరమైపోయింది.

“ఎందుకు వద్దన్యారు అత్తమ్మా?” అని అడిగింది ముస్కాన్.

అఖ్తర్ బీ మళ్ళీ గోడ వైపు తిరిగింది.

కొంతసేపటికి ఆసియా బ్యాగు జిప్పు తీసింది. నలిగిన కాగితాలను ఒళ్ళో పెట్టుకుని మడతలు సరిచేసి, వదిన ముందు పెట్టింది.

అది చూసి అఖ్తర్ బీ ఇటు తిరిగింది. “ఆ తలుపు తీసేది చదువు ముస్కాన్. ఒక్కసారి విని పంపిస్తా దాన్ని.”

ముస్కాన్ కాగితం వెతికి తీసింది. గొంతు సర్దుకుని చదివింది.

“జైతూన్ బుట్టను అరుగు మీద దించి బీగం వైపు చూసింది. ‘మొగోడేసిన బీగమా ఇది? అయితే ఆడదే పగలగొట్టల్ల’ అని వీధిలోంచి నాపరాయి ముక్క ఎత్తుకుంది. రాయి దెబ్బకు బుట్టలో గాజులన్నీ గలగలమన్నాయి. తలుపు తెరుచుకుంది. చీకట్లోంచి మాబున్ని బిడ్డను ముందుకు చాపింది. ‘ఏడవొద్దు తల్లీ, నేనుండాగా’ అంది జైతూన్.”

ఆసియా బురఖా అంచు నోట్లో కుక్కుకుంది. అఖ్తర్ బీ కళ్ళు మూసుకుని వింటోంది. పెదాలు కోడలితో పాటే కదులుతున్నాయి.

“చాలు,” అంది. “ఇంగ తీసెయ్.”

“అత్తమ్మా, మీరు వద్దంటే ఉంచుతా. నిజంగా చెప్తాండా.”

“ఉంచొద్దు. దాన్ని చూసుకుంటా ఇన్నాళ్ళు నా బిడ్డను ఎవరికీ చూపించకుంటిని.” ఆమె గొంతు గట్టిపడింది. “ఆ కిటికీ తావ నిలబడి నేను ఏమేమి అరిచినానో చెప్తా. అవి రాయి. నోరులేనిదాన్ని కాదు నేను. మీ మాబున్ని చేత కూడా అరిపించు.”

ముస్కాన్ కలం తీసుకుంది. జైతూన్ పేరు మీద మొదటి గీత గీసింది. గీత వంకరగా పోయింది. బుట్ట, రాయి, గాజుల చప్పుడు ఒక్కొక్కటిగా పోయాయి. చివరికి ‘నేనుండాగా’ అన్న మాట దగ్గర కలం ఆగింది. ముస్కాన్ కళ్ళు తుడుచుకుని దాన్నీ కొట్టేసింది. పేజీలో తలుపు మాత్రం మిగిలింది, దాని వెనక మాబున్ని.

ఆ తర్వాత అఖ్తర్ బీ చెప్పడం, ముస్కాన్ రాయడం. కిటికీ ముందర పోయేవాళ్ళను పేరు పేరునా పిలిచానంది. మొదట బతిమాలానంది, తర్వాత తిట్టానంది. ఆ తిట్లు కూడా చెప్పింది. ఆసియా వెళ్ళి ఉగ్గాని వేడిచేసి తెస్తే, మాట్లాడుతూనే నాలుగు ముద్దలు తిన్నది. ఒకచోట మాత్రం, “ఇంగొకరు...” అని ఆగిపోయి, “అది వద్దులే” అంది.

ఎండ దిగుతుండగా వీధిలో బండి ఆగింది.

ముస్కాన్ వాకిట్లోకి వచ్చింది. నబీ రసూల్ వెనక సీటు మీద నుంచి మెల్లగా దిగాడు. తెల్ల గడ్డం నిండా దుమ్ము. ఎప్పుడొచ్చినా ‘ఏం బేటీ, ఎంత రాసినావు?’ అని నవ్వుతూ అడిగి చదివించుకునే మనిషి ఈ రోజు నవ్వలేదు. చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. లోపలికి చూసి, మళ్ళీ ముస్కాన్ వైపు చూశాడు.

“జైతూన్‌ను తీసేస్తాండావంట గదా బేటీ.”

“తీసేసినా చిచ్చా.”

ఆయన రెండు చేతులూ జోడించాడు. ముస్కాన్ కంగారుపడి వాటిని పట్టుకోబోయింది.

“పెట్టెయ్ తల్లీ. మల్ల పెట్టెయ్. నీకు పుణ్యముంటాది. ఆమె ఉంటే మాకందరికీ మంచిది. ఆ కిటికీ తావ మీ అత్త ‘నబీ, నబీ’ అని నన్ను పిలిచిన పిలుపు... ఇంగోసారి నేను వినలేను.”

బండికి స్టాండు వేస్తున్న అజ్మతుల్లా అలాగే ఆగిపోయాడు. బండి పక్కకు ఒరిగి అతని కాలికి తగిలినా కదల్లేదు.

“చిచ్చా,” అన్నాడు. “కిటికీ సంగతి నేను నీకు చెప్పనేలేదే.”